జాలారి నీళ్ల మీద నడిచిన ఇండ్లు

వరంగల్‌లో గిర్మాజీపేట, మట్టెవాడ, కరీమాబాద్, శివనగర్ దిక్కు పాత గూనపెంకుల ఇండ్లు చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఇల్లు, వాకిలి, దొడ్డి అన్నీ కలిపినా 150 గజాలు దాటేది కాదు. అందులో సగం ఇల్లే. ఆజంజాహి మిల్లు కార్మికులు ఉన్న ఇండ్లకైతే అంత జాగ కూడా ఉండేది కాదు. అయినా ఆ ఇండ్ల కిరాణం చిట్టీ నాలుగు వరుసల్లో అయిపోయేది: ఉప్పు, బెల్లం, చాయ్‌పత్తి, గ్యాస్‌నూనె (కిరోసిన్). కూరగాయలు కొనడమంటే ఆలుగడ్డ, ఉల్లిగడ్డ కొనడమే. మిగతాది దొడ్లో నుంచో, అటక మీది జాడీలో నుంచో వచ్చేది.

ఇప్పుడు ఎవరినడిగినా 'మాకు భూమేది?' అంటారు. ఆ ఇండ్లకూ భూమి లేదు. జాలారి, అంటే స్నానాలు చేసి గిన్నెలు తోమే చోటు, ఉండేది. ఇంట్లోకి వచ్చిన నీళ్లు రెండోసారి పనికి రాకుండా గడప దాటేవి కావు. ఏ కార్తెలో ఏం పెట్టాలో, ఏ నెలలో ఏం కొని ఎండబెట్టాలో ఇంట్లో పెద్దామె నోటి మీద ఉండేది. ఆ ఇండ్ల దగ్గర ఉన్నదంతా ఇంతే.

ముందే ఒక లెక్క చెప్పాలె. బియ్యం, నూనె సొంతంగా పండించుకుందామనే ఆశ చిన్న జాగలో పెట్టుకోవద్దు. ఎకరం అంటే 4840 గజాలు. ఎకరానికి 25 క్వింటాళ్ల వడ్లు అనుకున్నా 150 గజాలకు వచ్చేది 77 కిలోలు, మర పట్టిస్తే 50 కిలోల బియ్యం. నలుగురున్న ఇంటికి రెండు నెలలకు సరిపోతే గొప్ప. అందుకే ఆ ఇండ్లలో దొడ్డి జాగంతా తొందరగా వాడిపోయేవాటికీ, రోజూ కావలసినవాటికీ పోయేది: ఆకుకూరలు, తీగ కూరలు, గుడ్లు. నిలవ ఉండేవి మాత్రం బజారులో చవకగా దొరికే నెల చూసి ఒక్కసారే కొనేవాళ్లు.

జాలారి వంటింటి వెనుక ఉండేది. కింద షాబాదు బండలు, పక్కన గోలెం, బయటికి ఒక తూము. ఆ తూము కాడ అరటి, చామగడ్డ, మెట్టతామర. నలుగురున్న ఇంట్లో స్నానాలకు, గిన్నెలకు కలిపి రోజుకు 150 నుంచి 200 లీటర్లు పోతాయి. ఎదిగిన అరటి చెట్టు మే నెలలో 15–20 లీటర్లు తాగుతుంది. అంటే మూడు నాలుగు అరటి కుదుళ్లకు పోగా, ఇంకా పందిరి పాదులకు నీళ్లు మిగులుతాయి. బొప్పాయికి కూడా ఈ నీళ్లు పనికొస్తాయి కానీ దాన్ని తూము పక్కన నాటితే వేరు కుళ్లి నిలబడిన చెట్టు నిలబడ్డట్టే వాలుతుంది. అడుగెత్తు మట్టి దిబ్బ పోసి దాని మీద నాటాలె. పచ్చిగా తినే పుదీన, కొత్తిమీరలకు జాలారి నీళ్లు వద్దు.

అప్పుడు గిన్నెలు బూడిదతో తోమేవాళ్లు, తలకు కుంకుడుకాయ. వాటితో మొక్కకు హాని లేదు. ఇప్పుడు బట్టల పౌడర్లలో ఉండే సోడియం మట్టిని బిగదీస్తుంది, ఆకుల అంచులు మాడుతాయి. కాబట్టి వాషింగ్ మెషీన్ మొదటి నీళ్లు మోరీలోకే పోనియ్యాలి. రెండోసారి, మూడోసారి జాడించిన నీళ్లు చెట్లకు మళ్లించుకోవచ్చు. గిన్నెల నీళ్లతో ఇంకో తంటా, జిడ్డు. తూము కింద నాలుగడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగున్నర లోతు కాలువ తీసి ముందు 40 ఎంఎం కంకర, తర్వాత 20 ఎంఎం, చివర దొడ్డు ఇసుక పొయ్యాలి. అన్నిటికంటే ముందు, తూము మూతికి సరిగ్గా కింద, కొబ్బరిపీచు నింపిన పాత బుట్ట ఒకటి పెట్టాలి. మెతుకులు, జిడ్డు అందులోనే ఆగిపోతాయి. వారానికోసారి ఆ పీచు తీసి ఎరువు గుంతలో వేసి కొత్తది పెట్టుకోవాలి. ఈ బుట్ట లేకుండా కట్టిన కాలువలే రెండు నెలలకు పూడుకుపోయి వాసన కొడతాయి. అప్పుడు జనం కాలువను తిడతారు. నీళ్లు పోసిన రోజే ఇంకిపోవాలి, ఎక్కడా మడుగు కట్టొద్దు. దోమ గుడ్డు రెక్కలొచ్చి ఎగరడానికి వారం పది రోజులు చాలు.

అరటి పిలక ఎంచుకునేటప్పుడు ఆకులు సన్నగా కత్తుల్లా ఉన్న సూది పిలకే తీసుకోవాలి. వెడల్పాటి ఆకులతో ముద్దుగా కనిపించే పిలకకు దుంప బలం ఉండదు, గెల చిన్నది పడుతుంది. కుదురులో తల్లి చెట్టు, దానికంటే చిన్నది ఒకటి, ఇంకా చిన్నది ఒకటి ఉంచి మిగతావి ఎప్పటికప్పుడు నరికెయ్యాలి. గెల కొట్టాక బోదె లోపలి దూట కూరకు, పై పట్టలు ముక్కలు చేసి ఆ చెట్టు మొదట్లోకే.

ఇక పందిరి. దొడ్డి అందమంతా పందిరే. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది. ఆ పూట ఇంట్లో చేపల కూర ఉండడం ఎంత ఖాయమో, నాలుగు చినుకులు పడగానే పాదుల్లో గింజ పడడం అంత ఖాయం. పాదులు మాత్రం మే నెలలోనే తవ్వి పెట్టేవాళ్లు. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు. పదిహేను రోజులు ఎండకు వదిలేస్తే మట్టిలో పురుగు చస్తుంది. తర్వాత రెండు గంపల మాగిన పెంటఎరువు, రెండు దోసిళ్ల బూడిద కలిపి పూడ్చడమే. పచ్చి పేడ వేస్తే వేడికి మొలక మాడుతుంది, చెదలు కూడా పడుతుంది. పాదుకు నాలుగు గింజలు పెట్టి, మొలిచాక బలమైనవి రెండు ఉంచి మిగతావి పీకెయ్యాలి. కాకర గింజ పెంకు గట్టిది. మూతి కాడ కొద్దిగా చిదిమి ఒక రాత్రి, ఒక పగలు నానబెడితేనే లేస్తుంది.

ఎనిమిదడుగులకు పదడుగుల పందిరి ఒక్కటి, జూన్‌లో గింజ పెడితే, ఫిబ్రవరి దాకా ఇంటికి కూర పెట్టేది. అందులో కిటుకు బీర, చిక్కుడు రెండూ ఒకే పందిరి కింద, ఒకే రోజు పెట్టడం. బీర నలభై, నలభై అయిదు రోజులకు పూతకొచ్చి సెప్టెంబర్ దాకా కాస్తుంది. నాటు చిక్కుడు అప్పటిదాకా ఉత్త ఆకే పెంచుకుంటూ పోతుంది. పొద్దు తగ్గితే గానీ దానికి పూత రాదు. ఎన్ని ఎరువులు పోసినా ఆగస్టులో పూయదు. ఈ సంగతి తెలియక 'ఇది పోతు చెట్టు' అని పీకి పారేసినవాళ్లు కొల్లలు. బతుకమ్మ నాటికి బీర తీగ ముసలిదైపోతుంది. చివరి పూలు బతుకమ్మలోకి పోతాయి, తీగ కోసేస్తారు, పందిరంతా చిక్కుడుకు వదిలేస్తారు. నవంబర్ నుంచి సంక్రాంతి దాటేదాకా చిక్కుడుకాయ ఇరుగుపొరుగుకు పంచినా తరగదు.

పిందెలు పచ్చబడి రాలిపోతున్నాయని ఇప్పుడు మిద్దె మీద పెంచేవాళ్లందరూ అంటారు. మూడో అంతస్తు మీదికి తేనెటీగలు తక్కువగా వస్తాయి. చేత్తో చెయ్యాలి. పువ్వు కింద బుల్లి పిందె ఉంటే ఆడది, ఉత్త కాడ ఉంటే మగది. మగ పువ్వు రేకులు తుంచి ఆడ పువ్వు మధ్యలో మెల్లగా రాస్తే అయిపోయింది. అయితే వేళ ముఖ్యం. గుమ్మడి తెల్లారుజామున విచ్చుకుంటుంది, తొమ్మిది దాటితే ముడుచుకుంటుంది. బీర, సోర పొద్దుగూకేటప్పుడు విచ్చుకుంటాయి. పొద్దున లేచి బీర పూలకు పుప్పొడి రాసి, కాయ నిలవలేదంటే ఎట్లా నిలుస్తుంది? సోర తీగ పందిరి ఎక్కగానే కొస తుంచాలి. ఆడపూలు పక్క తీగల మీదనే ఎక్కువ వస్తాయి.

కాకర, బీర వంకర తిరిగి ఒకచోట చుక్కలాగా కారుతుంటే పండుఈగ గుడ్డు పెట్టినట్టు. పిందె వేలెడు కాగానే పాత గుడ్డో కాగితమో సంచిలా చుట్టి కడితే ఆ బాధ ఉండదు. పుచ్చిన కాయను ఎరువు గుంతలో వేస్తే ఈగల మంద తయారవుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టి రెండు రోజులు ఎండలో పడెయ్యాలి. డిసెంబర్ చలికి చిక్కుడు పూత మీద నల్లటి పేనుబంక పడుతుంది. ముందు చీమలు కనిపిస్తాయి, దాన్ని బట్టి తెలుసుకోవచ్చు. మంచు తడి ఆరకముందే పొయ్యి బూడిద జల్లించి గుడ్డలో కట్టి పూత మీద దులిపేవాళ్లు. తడికి బూడిద అంటుకుంటుంది, పేను కదలదు. ఎండెక్కాక చల్లితే గాలికి పోవడమే.

విత్తనం సంగతి. తీగకు మొదట వచ్చిన కాయను వదిలి, రెండోదో మూడోదో, మంచి ఆకారం ఉన్నదాన్ని గుర్తుకు దారం కట్టి కోయకుండా వదిలేసేవాళ్లు. బీరకాయ ఊపితే గలగలమనాలి. అదయ్యాక గింజలు నీడలో ఆరబెట్టి, బూడిద కలిపి, కుండలో పోసి మూతికి గుడ్డ కట్టడం ఒక పద్ధతి. పేడ ముద్దలో గింజలు అద్ది గోడకు కొట్టడం ఇంకో పద్ధతి. రోహిణి కార్తె దాకా ఆ పిడక గోడకే ఉంటుంది, పురుగు ముట్టదు. హైబ్రీడు ప్యాకెట్ గింజకు ఈ ఓపిక దండుగ, రెండో ఏడు కాయ ఒక్కతీరు రాదు. సోరకాయ విషయంలో ఒక జాగ్రత్త: వండేముందు పచ్చి ముక్క నాలుక మీద పెట్టి చూసే అలవాటు ఆ ఇండ్లలో ఊరికే రాలేదు. చేదు తగిలితే ఆ కాయ పారెయ్యాల్సిందే. వండినా ఆ విషం పోదు, వాంతులై ప్రాణం మీదికి వస్తుంది.

ఆకుకూరలకు పెద్ద కథ లేదు. మూడడుగుల మడులు నాలుగు చాలు. వారానికొక మడిలో గింజ వేస్తూ పోతే నెల తిరిగేసరికి మొదటి మడి కోతకొస్తుంది. తోటకూర గింజ ఇసుకలో కలిపి చల్లాలి, లేకుంటే ఒక్కచోటే గుత్తిగా పడుతుంది. చల్లిన రోజే చీమలు గింజ మోసుకుపోతాయి కనుక చుట్టూ గుప్పెడు రవ్వ చల్లితే అవి దాని పని చూసుకుంటాయి. ధనియాలు చేత్తో నలిపి రెండు బద్దలు చేసి వెయ్యాలి. ఏప్రిల్, మే నెలల్లో కొత్తిమీర జోలికి పోవద్దు. పుంటికూర పీకొద్దు, తుంచాలి. గంగవాయిలి కూర ఎవరూ వెయ్యరు, అదే వస్తుంది, దాన్ని కలుపు అని పీకి పారేసేవాళ్లను చూస్తే జాలి కలుగుతుంది.

మిద్దె మీద పెట్టేవాళ్లు బరువు చూసుకోవాలి. తడిసిన మట్టి ఘనపుటడుగుకు 45–50 కిలోలు తూగుతుంది. తొట్లన్నీ గోడల మీదుగా, దూలాల మీదుగా పెట్టాలి, గది నడిమిట్ల కాదు. చెల్క (ఎర్ర ఇసుక) మట్టి రెండు పాళ్లు, ఎరువు ఒక పాలు, వడ్ల ఊక ఒక పాలు బాగుంటుంది. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పటి నుంచి చెరువు పూడిక మట్టి అంటే మోజు పెరిగింది. పొలానికి అది బంగారమే గానీ తొట్టిలో నాలుగో వంతు మించితే ఎండకు పగిలి, నీళ్లు అంచుల వెంట కిందికి జారిపోతాయి, వేరు తడవదు.

దొడ్డి పెట్టేది సగమే. మిగతా సగం ఎండకాలం పెట్టేది. ఫిబ్రవరిలో చింతపండు, మార్చిలో మిర్చి, మేలో తొక్కు. అటు ఒరుగులు, వడియాలు ఎండుతుంటే వాకిట్లో కాలు పెట్టే జాగ ఉండేది కాదు.

చింతపండు బొట్టతో సహా కొంటే చవక. పెంకు, ఈనెలు, గింజ తీసి రెండు ఎండలు ఎండబెట్టి, జాడీలో ఒక పొర పండు, మీద కొంచెం గల్లుప్పు, మళ్లీ పొర, చేత్తో అదిమి పెట్టాలి. కిలోకు 50 గ్రాముల ఉప్పు చాలు. గాలి సందు ఉంటే బూజు వస్తుంది కనుక అదమడంలోనే పనంతా ఉంది. ఇత్తడి, రాగి, ఇనుప గిన్నెలకు ఆ పులుపు పడదు. నలుగురికి ఏడాదికి ఎనిమిది కిలోలు సరిపోతుంది, పచ్చిపులుసు రోజూ ఉండే ఇల్లయితే పది. గింజలు కూడా పారేసేవాళ్లు కాదు. కొన్ని పిల్లల ఆటకు, కొన్ని వేయించి తినడానికి. చింతగింజల గంజి గొంగడికి పట్టించేవాళ్లు.

మిర్చికి మన ఎనుమాముల మార్కెట్ ఉండగా వేరే ఊరు చూడనక్కర లేదు. రంగుకు చపాటా, కారానికి తేజ. చపాటా పొట్టిగా, లావుగా, ఎర్రగా ఉంటుంది, ఘాటు తక్కువ. 2025లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తొక్కులకు చపాటా రెండు పాళ్లు, తేజ ఒక పాలు కలిపి పట్టిస్తే ముక్క ఎర్రగా ఉంటుంది, కడుపు మండదు. రంగు వెలిసి తెల్లబారిన తాలు కాయ చవకని కొనొద్దు, అందులో బూజు ఉంటుంది, తొక్కు మొత్తం చెడుతుంది. కొన్నాక మళ్లీ రెండు మూడు ఎండలు చూపించి, తొడిమె తీస్తూ వంచితే పటుక్కున విరగాలి. మెత్తగా వంగిందంటే ఇంకో ఎండ కావాలి. గిర్నీ నుంచి వచ్చిన కారం వేడిగా ఉంటుంది. అట్లనే డబ్బాలో పోసి మూత పెడితే ఆవిరి పట్టి ముద్ద కడుతుంది, రెండు నెలలకు నల్లబడుతుంది. తెల్లబట్ట మీద పరిచి పూర్తిగా చల్లారాకే జాడీకెత్తాలి.

మామిడికాయ తొక్కుకు ఒక్కో ఇంట్లో ఒక్కో కొలత ఉంటుంది. తిప్పలు పెట్టని కొలత ఇది: టెంకతో కొట్టిన ముక్కలు 5 కిలోలు, ఉప్పు ముప్పావు కిలో, కారం ముప్పావు కిలో, ఎల్లిగడ్డ అర కిలో, అల్లం పావు కిలో, ఆవపిండి 200 గ్రాములు, మెంతిపిండి 100 గ్రాములు, నూనె కిలోంబావు. కాయ కడిగి తుడిచి, కొట్టిన ముక్కను మళ్లీ పొడిబట్టతో తుడవాలి. ముక్కకు టెంక అంటుకొని లేకుంటే మెత్తబడుతుంది. నూనె కాచి, జీలకర్ర వేసి, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక అల్లమెల్లిగడ్డ కలపాలి. వేడి నూనెలో వేస్తే ఎల్లిగడ్డ ఉడికి వాసన మారుతుంది. మూడో రోజు తిప్పి రుచి చూస్తే ఉప్పు కొంచెం ఎక్కువనిపించాలి. అప్పుడు సరిగ్గా ఉంటే వానకాలానికి చప్పబడి బూజు పడుతుంది. నూనె వేలెడెత్తు మీద తేలాలి. తగ్గితే కాచి చల్లార్చి పోసుకోవడమే.

కందులకు ఎర్రమట్టి పట్టించడం ఇప్పుడు దాదాపు పోయింది. ఒక రాత్రి నానబెట్టి, నీళ్లు వంపి, మెత్తటి ఎర్రమట్టి కలిపి కుప్పచేసి ఇంకో రాత్రి వదిలి, గట్టి ఎండలో మూడు రోజులు ఎండబెట్టి ఇసుర్రాయిలో వేస్తే పొట్టు వదిలి బద్ద నిండుగా వస్తుంది. పది కిలోలకు ఏడు కిలోల పప్పు వస్తే బాగా వచ్చినట్టే. ఎండ చాలకుంటే పొట్టు వదలదు, నూక ఎక్కువవుతుంది. నిలవ పెట్టేముందు కిలోకు చిన్న చెంచా ఆముదం చేతికి రాసుకొని పప్పుకు పట్టిస్తే పుచ్చుపురుగు గుడ్డు బతకదు. వేపాకు వేసేవాళ్లు ఎండిన ఆకే వెయ్యాలి. పచ్చాకు తేమకు పప్పు ముక్కిపోతుంది.

నూక, పొట్టు, చాటలో మిగిలిన చెత్త గింజ అంతా కోళ్లకు. నాటుకోడి ఒక విడతకు పది పన్నెండు గుడ్లు పెట్టి పొదుగు కూర్చుంటుంది. ఏడాదికి యాభై అరవై గుడ్లు వస్తాయి. నాలుగు కోళ్లుంటే పిల్లలున్న ఇంటికి గుడ్డు కొనే పని ఉండదు, పొదిగేసినా ఇరవై ఒకటో రోజుకు పిల్లలు. ఇంకా గుడ్లు కావాలంటే రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారు చేసిన గ్రామప్రియ, వనరాజా పిల్లలు పెంచుకోవచ్చు, కానీ అవి సరిగ్గా పొదగవు. నాటుకోడి కింద వాటి గుడ్లు పెట్టాలి. రాత్రి గూట్లో కోడికి రెండు చదరపు అడుగులు చాలు. ముంగిస, పిల్లి దూరకుండా తలుపు గట్టిగా ఉండాలి, గూడు నేలకు అడుగెత్తులో ఉండాలి.

కోడిపిల్లలకు మేత కోసం చెదలు పట్టేవాళ్లు. పగిలిన కుండలో ఎండు పేడ, గడ్డి, చినిగిన గోనెపీలిక కుక్కి, నీళ్లు చిలకరించి, పొద్దుగూకగానే చెల్క నేల మీద బోర్లించాలి. తెల్లారి ఎత్తితే కుండ నిండా తెల్ల చెదలు. ఎండెక్కితే మళ్లీ మట్టిలోకి దిగిపోతాయి కనుక సూర్యుడు రాకముందే తీసి పిల్లల ముందు దులపాలి. ఇంటి గోడకు, కట్టెల కుప్పకు దూరంగా పెట్టాలని వేరే చెప్పనక్కర లేదు.

కోళ్లు పోయేది ఎక్కువగా కొక్కెర తెగులుతోనే. ఎండకాలంలో ఒక కోడికి వస్తే నాలుగు రోజుల్లో వాడకట్టు మొత్తం ఖాళీ. వచ్చాక మందు లేదు, ముందు టీకానే. పుట్టిన వారంలోపు కంట్లో లాసోటా చుక్క, ఎనిమిదో వారంలో రెక్క కింద ఆర్‌టూబీ సూది. సూదికి వారం ముందు నులిపురుగుల మందు తాగిస్తే టీకా బాగా పడుతుంది. సీసా వంద కోళ్లకు సరిపడా వస్తుంది, నాలుగు కోళ్ల కోసం కొంటే దండుగ. కోళ్లున్న ఇండ్లన్నీ మాట్లాడుకొని ఒక్క పొద్దున పెట్టుకోవాలి. ఐస్‌లో తెచ్చిన సీసా కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి, మిగిలింది మర్నాటికి పనికిరాదు.